మూడు వంపుల ట్యూబు

మే 18, ఆదివారం, విశాఖపట్నం

రాత్రి మూడింటికి అమ్మ మళ్లీ లేచి కూర్చుంది. ఈ వారంలో ఇది నాలుగోసారి. దుప్పటి అంచు తడిసింది, తలగడ మీద కూడా రెండు చుక్కలు. లైటు వేసి చూస్తే ఏసీ కింది అంచు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. మోకాలి ఆపరేషన్ అయ్యి నెలన్నర కూడా కాలేదు. ఆ మనిషిని నడిరాత్రి లేపి మంచం జరపాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. "పోనీలేవే, ఫ్యాను చాలు" అంటుంది. మే నెల ఉక్కపోతలో, సముద్రం పక్కన ఫ్యాను ఎక్కడ చాలుతుంది?

మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ పగటిపూటే. ఫిల్టర్లు కడిగాడు, లోపల నీళ్లు చేరే ట్రేలో పాచి తుడిచాడు, మగ్గుతో నీళ్లు పోసి చూశాడు. కాస్త నెమ్మదిగా అయినా పోయాయి. బాగానే ఉందమ్మా అని వెళ్లిపోయాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, పగలు నిజంగా బాగానే ఉంటోంది. మరి రాత్రే ఎందుకు కారుతోంది? ఇవాళ సెలవు, ఈ సంగతి తేల్చాకే వేరే పని అనుకున్నాను.

ముందు బాల్కనీలోకి వెళ్లి బయటి పైపు చూశాను. ఏసీ పైపు గోడలోంచి బయటికి వచ్చిన చోట ఏప్రిల్‌లో నేనే ఒక సన్నటి లెవెల్ ట్యూబు తగిలించాను, తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన ట్యూబు. ఏసీ నీళ్లు వృథాగా సందులోకి పోతున్నాయని అమ్మ బాధపడితే, ఆ మూల ఉన్న బకెట్ దాకా గ్రిల్ పైఅంచు వెంబడి లాగి కట్టాను. ఆ నీళ్లతోనే ఇల్లు తుడుస్తాం, కుండీలకు పోస్తాం. (పక్కింటి పిన్నిగారు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకుంటానని అడిగితే వద్దన్నాను. చూడ్డానికి తేటగా ఉన్నా అందులో దుమ్మూ లోహపు మలినాలూ ఉంటాయి, బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి.)

ట్యూబు సన్నమైపోయిందా అన్నది మొదటి అనుమానం. ఇంటర్‌లో చదివిన స్నిగ్ధత (ద్రవాల చిక్కదనం) పాఠం గుర్తొచ్చింది. గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. రక్తం సన్నని నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలని గాజు గొట్టాలతో ఆ లెక్క తేల్చిన ప్వాజోయ్ ఒక ఫ్రెంచి వైద్యుడు, స్నిగ్ధతను కొలిచే పాయిజ్ అనే ప్రమాణం ఆయన పేరు మీదే వచ్చింది. కానీ మా బకెట్ లెక్క ప్రకారం గంటకు లీటరున్నర వస్తోంది. అంటే నిమిషానికి 25 మిల్లీలీటర్లు, ఐదు టీస్పూన్లు. 8 మిల్లీమీటర్ల ట్యూబుకు అది బరువేం కాదు. సన్నదనం ఒక్కటే కారణం కాదన్నమాట.

ఎండలో ట్యూబును దగ్గరగా చూస్తే లోపల సంగతి తెలిసింది. మూడు చోట్ల తాడుతో కట్టాను కదా, కట్టుకూ కట్టుకూ మధ్య జారి మూడు వంపులు పడ్డాయి. ఒక్కో వంపులో రెండు వేళ్ల లోతు నీళ్లు, వంపుల మధ్య గాలి. లావు పైపులో నీళ్లు అడుగున పారుతుంటే గాలి పైనుంచి జరిగిపోతుంది. సన్న ట్యూబులో నీళ్లు నిండుగా పట్టేసి గాలికి దారి ఇవ్వవు. ఆ గాలిని నెట్టాలంటే మూడు వంపుల ఎత్తూ కలిపి, సుమారు 12 సెంటీమీటర్ల నీటి బలం కావాలి. ట్రే నుంచి గ్రిల్ అంచుకు టేపు పెట్టి కొలిస్తే ఎత్తు తేడా 15 సెంటీమీటర్లు, ఉన్న బలం అంతే. పోతున్నాయి, అదీ అంతంతమాత్రంగా.

అప్పుడు బకెట్ వైపు చూశాను. ట్యూబు కొస బకెట్ అడుగుకు ఆని ఉంది. రాత్రి పదికి ఏసీ వేస్తే రెండు మూడింటికల్లా బకెట్ సగం నిండి కొస నీళ్లలో లోతుగా మునుగుతుంది. ఆ లోతు కూడా తోడైతే 15 ఎక్కడ సరిపోతాయి! నీళ్లు వెనక్కి తన్ని ట్రే పొర్లుతుంది. పొద్దున్నే అమ్మ బకెట్ ఒంపేస్తుంది, అంతా బాగుపడుతుంది, మెకానిక్ వస్తాడు. పది రోజులుగా జరుగుతున్నది ఇదే.

నమ్మకం కోసం ట్యూబు పైకొస ఊడదీసి ట్రే ఎత్తులోనే పట్టుకుని లీటరు నీళ్లు పోశాను. కొస గాల్లో ఉంటే మెల్లగా పోయాయి. నిండు బకెట్‌లో ముంచితే కదల్లేదు. అక్కడే నిలబడి "అమ్మా, దొరికింది!" అని అరిచాను. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూసింది.

మిగతాది గంట పని. ట్యూబు పీకేశాను. సైకిల్ పంపుతో పాత పైపులోకి గాలి కొడితే జిగురు జిగురుగా పచ్చటి పాచి ఊడిపడింది. ముప్పావు అంగుళం తోట పైపు తెచ్చాను, ముదురు రంగుది, వెలుతురు లోపలికి పోకపోతే పాచి అంతగా పట్టదు. అడుగుకో కట్టు చొప్పున, ఎక్కడా వంగకుండా ఒకటే వాలుగా కట్టాను. కొసను బకెట్ అంచుకు బెత్తెడు పైన ఆపాను.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. పైపు కొస పైకి వచ్చింది కదా, బకెట్‌లో నీళ్లు పడే చప్పుడు గదిలోకి వినిపిస్తోంది. అమ్మ మంచం పాత చోటుకే జరిపాను, నిద్రపోయింది. మూడింటికి అలారం పెట్టుకున్నాను.