హెల్మెట్ ఏది కొనాలి అని అడిగేవాళ్లకి

ఇక్కడ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో స్కూళ్లు తెరిచే టైమ్ వచ్చిందంటే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, "మావాడు సెవెంత్ గ్రేడ్, ఫుట్‌బాల్ ఆడతానంటున్నాడు, మంచి హెల్మెట్ ఏదండీ?" అని. (కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదండోయ్, బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని గుద్ది పడగొట్టే అమెరికన్ ఫుట్‌బాల్.) ఆడతాననక ఏం చేస్తాడు, డాలస్ కౌబాయ్స్ అనే పెద్ద ప్రొఫెషనల్ జట్టు హెడ్‌క్వార్టర్స్ ఊళ్లోనే ఉంది, వాళ్ల ఇండోర్ స్టేడియంలోనే మన హైస్కూల్ పిల్లల మ్యాచ్‌లు జరుగుతాయి. మా ఇంట్లోనూ ఇదే గోల. అందుకని దీని గురించి దొరికిందల్లా చదివాను. నాకు అనిపించింది ఏంటంటే, హెల్మెట్ సంగతి తర్వాత, ముందు కోచ్ దగ్గరికి వెళ్లి "ప్రాక్టీసులో వారానికి ఎంతసేపు పిల్లలతో ఢీకొట్టిస్తారు?" అని అడగాలి.

హెల్మెట్ దండగ అనడం లేదు. అది ప్రాణాలు కాపాడింది, కాకపోతే దాని కథ కాస్త వంకర. 1905లో ఆటగాళ్లు వరసగా చనిపోతుంటే ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలేజీ కోచ్‌లని వైట్‌హౌస్‌కి పిలిపించి ఆటని మార్చుకోండని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అప్పట్లో ఉన్నవి తోలు టోపీలు, అవీ పెట్టుకుంటే పెట్టుకున్నట్టు. 1939లో రిడెల్ ప్లాస్టిక్ హెల్మెట్ తెచ్చాడు, 1943లో ఎన్ఎఫ్ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) హెల్మెట్‌ని తప్పనిసరి చేసింది. తలకి గట్టి డిప్ప, ముఖానికి అడ్డంగా గ్రిల్ వచ్చేసరికి ఇక భయం దేనికని తలనే ముందుపెట్టి గుద్దడం మొదలెట్టారు. 1968 ఒక్క ఏడాదే మైదానంలో తగిలిన దెబ్బల వల్ల 36 మంది పోయారు. ఆ మరుసటి ఏడాది నాక్సీ అనే సంస్థ పుట్టి, 1973లో హెల్మెట్‌కి ఒక స్టాండర్డ్ పెట్టింది. 1976లో తలతో పొడవడాన్ని స్కూళ్లలోనూ కాలేజీల్లోనూ నిషేధించారు. 1990కి వచ్చేసరికి అలాంటి చావు ఒక్కటీ లేని ఏడాది చూశారు. క్రెడిట్ అంతా హెల్మెట్‌కే ఇచ్చేవాళ్లని చూస్తే నాకు చిరాకు, అందులో సగం ఆ రూల్‌ది.

ఇక మెదడు. హెల్మెట్ బాగా చేసే పని పుర్రె పగలకుండా చూడటం. కానీ తల ఒక్కసారిగా గిర్రున తిరిగినప్పుడు లోపల మెదడు ఒక పక్కకి సాగి, నరాల పోగులు దెబ్బతింటాయి. స్టీల్ డబ్బాలో తోడుపెట్టిన పెరుగుని ఒక్క కుదుపు కుదిపితే డబ్బాకి సొట్ట కూడా పడదు, పెరుగు మాత్రం విరిగిపోతుంది కదా, అలాంటిదే. పైగా కంకషన్ (దెబ్బకి మెదడు అదిరి కాసేపు పని తప్పడం) అయిన దెబ్బ ఒక్కటే లెక్క కాదు, కళ్లు తిరగని చిన్న చిన్న దెబ్బలు కూడా ఏళ్ల తరబడి పోగవుతాయి. 2002లో చనిపోయిన పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడుని డాక్టర్ బెన్నెట్ ఒమాలు పరీక్షించి చూస్తే బయటపడిన సీటీఈ, అంటే మెదడు మెల్లమెల్లగా పాడైపోయే జబ్బు, ఈ కోవదే. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో అది ఉంది. ఈ అంకె చూసి టెన్షన్ పడేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, అవి ఎక్కువగా అనుమానం ఉన్న కుటుంబాలు ఇచ్చిన మెదళ్లు, ఆడినవాళ్లందరి లెక్క కాదు.

సరే, కొనాలనే ఉంటే వర్జీనియా టెక్ వాళ్లు 2011 నుంచి హెల్మెట్లకి స్టార్ రేటింగ్ ఇస్తున్నారు, అది ఫ్రీగా చూసుకోవచ్చు. పైన తొడిగే మెత్తటి గార్డియన్ క్యాప్ కూడా ఉంది. 2022 నుంచి ఎన్ఎఫ్ఎల్ ట్రైనింగ్ క్యాంపులో కొన్ని పొజిషన్ల వాళ్లకి అది తప్పనిసరి, 2024 నుంచి మ్యాచ్‌లోనూ ఇష్టమైతే వేసుకోవచ్చు. వేసుకునేవాళ్లు తక్కువ, చూడ్డానికి అంత అందంగా ఉండదు మరి. 2024లో మళ్లీ కంకషన్ అయి తిరిగొచ్చిన ఎన్ఎఫ్ఎల్ ఆటగాడు టువా టాగోవైలోవా కూడా వేసుకోనన్నాడు, నా ఇష్టం అన్నాడు. పెద్దవాడు, అనొచ్చు. మనవాడు పన్నెండేళ్లవాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి పాత యూనివర్సిటీల లీగ్) చేసిన పని. కిక్ఆఫ్ అంటే ఒక జట్టు బంతిని అవతలివైపుకి తన్నగానే రెండు జట్లూ దూరం నుంచి ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తుకొచ్చి గుద్దుకోవడం. 2016లో వాళ్లు బంతి తన్నే చోటుని 35 గజాల గీత నుంచి ముందుకి 40కి జరిపారు, బంతి చివరిదాకా పోతే దాన్ని తీసుకుని తిరిగి పరిగెత్తడమే తగ్గిపోతుంది. 1000 కిక్ఆఫ్‌లకి దాదాపు 11 ఉన్న కంకషన్లు 2కి పడిపోయాయి. కొత్త ఫోమ్ లేదు, సెన్సర్ లేదు, గీత మార్చారంతే! అదే లీగ్‌లోని డార్ట్‌మత్ కాలేజీలో కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో ప్రాక్టీసులో ఒకరినొకరు పడగొట్టుకోవడమే ఆపేశాడు, తర్వాత మరమనిషి బొమ్మని తెచ్చి దాన్ని పడగొట్టించాడు. ఆ జట్టేమీ చెడిపోలేదు, 2015లో ఐవీ టైటిల్ పంచుకుంది. మన టెక్సస్‌లో 2013 నుంచి సీజన్‌లో ఒక్కో పిల్లాడికి వారానికి 90 నిమిషాలకి మించి ఫుల్ కాంటాక్ట్ (నిజంగా ఢీకొట్టి పడగొట్టే) ప్రాక్టీస్ ఉండకూడదు. కోచ్‌ని అడగమన్నది అందుకే.

హెల్మెట్ ఇచ్చే రోజు మాత్రం మీరూ పక్కన ఉండండి. కనుబొమలకి పైన ఓ రెండు వేళ్ల ఎడం ఉండాలి. గ్రిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం కూడా దాంతోపాటే కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారుతోందంటే లోపలి ప్యాడ్లలో గాలి చాలలేదన్నమాట. గడ్డం పట్టీ నాలుగు బటన్లూ పెట్టుకోవాలి, ఊపిరాడట్లేదని పిల్లలు కింది రెండూ వదిలేస్తారు. జుట్టు మారితే ఫిట్టింగ్ మారుతుంది, కాబట్టి సెలవులకి ఇండియా వెళ్లి తిరుమలలో గుండు చేయించుకొచ్చిన పిల్లలకి మళ్లీ చూడాల్సిందే, నవ్వకండి.

దెబ్బ తగిలాక దాచిపెట్టడం ఇంకో గొడవ. 2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల పిల్లాడు తలకి తగిలాక కూడా మళ్లీ మైదానంలోకి దిగి చావు అంచుదాకా వెళ్లాడు. 2009లో అతని పేరు మీదే చట్టం వచ్చింది, తర్వాత రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి. టెక్సస్‌లో కూడా కంకషన్ అనుమానం వస్తే ఆ రోజుకి ఆట బంద్, డాక్టర్ రాసిస్తేనే మళ్లీ లోపలికి. "తలనొప్పిగా ఉందని చెబితే కోచ్ బెంచీ మీద కూర్చోబెడతాడు" అని మావాడు ఇప్పట్నుంచే అంటున్నాడు. ఇంకా ఒక్క మ్యాచ్ ఆడలేదు!

ఈ ఏడాదికి ఫ్లాగ్ ఫుట్‌బాల్‌తో సరిపెట్టాం, నడుముకి కట్టిన రిబ్బన్ లాగితే చాలు, పడగొట్టక్కర్లేదు. అది చిన్నపిల్లల ఆట అని మూతి ముడిచాడు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఉంది తెలుసా అంటే గూగుల్ చేసి చూసుకుని, అప్పుడు ఒప్పుకున్నాడు.