పర్లాకిమిడి మేడమీద గత్తం: వేసవి నుండి చలికాలం వరకు

మా ఇల్లు ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో, పెరడుకు చోటు లేని ఒక ఇరుకు వీథిలో ఉంది. అందుచేత వంటింటి తడి చెత్తను గత్తంగా, అంటే కంపోస్టు ఎరువుగా, మార్చే పనంతా మేడమీదనే సాగుతున్నది. ఇందుకు మూతలున్న 100 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండింటిని పాత సామాన్ల దుకాణంలో కొని, పక్కలనూ అడుగుననూ పెన్సిలు పట్టేటంత రంధ్రాలు జానెడు ఎడంతో వేయించి, ఇటుకల మీద నిలిపి, కారే నీటికోసం కింద బేసిన్లు పెట్టాను. పాత డ్రమ్ము కొనేవారు అందులో పూర్వం ఏమి నిలవ చేశారో తప్పక అడగాలి. రంగులు, పురుగుమందులు ఉంచినవి ఎంత చవకగా వచ్చినా వద్దు. ఒక డ్రమ్ము నిండుతూ ఉండగా రెండవది మాగుతూ ఉంటుంది.

మార్చి, ఏప్రిల్

కూరగాయల తొక్కలు ఏ ఇంటిలోనైనా రోజూ వస్తాయి. ఈ పనికి అసలు సరకు ఎండుటాకు. అది ఈ రెండు నెలలలో దొరికినంతగా మరెప్పుడూ దొరకదు. ఊడ్చిన ఆకులకు వీథిలోనే నిప్పు పెట్టే అలవాటు మా ఊరిలో ఇంకా పోలేదు గనుక, ఊడ్చే ఆమెతో ముందుగానే మాట్లాడి పెట్టుకొన్నాను. ఆమె ఆకులను ఒక మూలకు చేర్చి, “బాబూ, మీ ఆకులు ఒట్టుకెళ్లండి” అని కేక వేస్తుంది. వేప, రావి ఆకులు త్వరగా చివుకుతాయి. మామిడి, పనస, జీడి ఆకులు దళసరివి, పైన మైనపు పొర గలవి. వాటిని బాగా ఎండబెట్టి, గోతంలో వేసి కాళ్లతో తొక్కి నలిపిన తరువాతనే నిలవ చేయాలి. వడ్రంగి దుకాణం నుండి రంపపు పొట్టు తెచ్చుకోవచ్చును గాని, ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు ఉంటుంది గనుక దానిని నేను వాడను.

ఎండుటాకుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుండి 30 పాళ్లు ఉండాలి. వంటింటి తడి చెత్తలో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. ఎండుటాకులోనూ రంపపు పొట్టులోనూ కర్బనం ఎక్కువ. ఇంటిలో తూచి కలపడం సాధ్యం కాదు గనుక, ఒక గిన్నె తడి చెత్తకు అదే గిన్నెతో ఒకటిన్నర గిన్నెల నలిపిన ఆకు వేస్తున్నాను. ముక్కును ఘాటుగా తాకే వాసన వస్తే ఆకు చాలలేదన్నమాట. పది రోజులైనా వేసినది వేసినట్లే ఉంటే ఆకో పొట్టో ఎక్కువైందన్నమాట, లేదా తడి తక్కువైందన్నమాట. మొదటిసారి మొదలుపెట్టేటప్పుడు అడుగున కొబ్బరి పీచు ఒక వరుస పరచి, పుల్లటి మజ్జిగలో కలిపిన ఆవుపేడ కొద్దిగా చల్లితే చాలును. అంగడిలో అమ్మే పొడులు అవసరం లేదు.

మే

ఎండ తీవ్రతకు డ్రమ్ము పైభాగం ఆరిపోయి చీమలు చేరాయి. చీమలు చేరడం పొడితనానికి గుర్తు. బియ్యం కడిగిన నీరు చిలకరించి, కర్రతో కలియబెడితే రెండు మూడు రోజులలో అవే పోతాయి. ఈ నెలలో మా ప్రాంతమంతటా పనసకాయల కాలం. పనస పొట్టు, పీచు తియ్యగా, తడిగా ఉండి ఈగలను పిలుస్తాయి గనుక వాటిని చిన్న ముక్కలు చేసి, మధ్యలో గుంట తీసి పెట్టి, పైన బెత్తెడు మందాన ఆకు కప్పాలి. మామిడి టెంకలు ఏడాదికి కూడా చివుకవు. వాటిని డ్రమ్ములో వేయవద్దని మా అత్తగారికి చెప్పడం, ఆమె అప్పుడప్పుడు వేయడం, నేను ఏరడం జరుగుతూనే ఉన్నాయి.

జూన్ నుండి సెప్టెంబరు వరకు

ఈ పనిలో కష్టమంతా వానాకాలానిదే. గాలిలోనే తేమ నిండి ఉంటుంది, ఆకు దొరకదు, దొరికినది తడిసి ఉంటుంది. వేసవిలో నిలవ చేసిన గోతాలను వాన తగలని మెట్ల కింద ఉంచుకొన్న ఇంటిలోనే డ్రమ్ము సవ్యంగా నడుస్తుంది. తడిని కొలవడానికి పరికరమేదీ అక్కరలేదు: లోపలినుండి గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఆకు గాని, చించిన అట్టపెట్టె ముక్కలు గాని కలపాలి; ముద్ద కట్టకుండా రాలిపోతే నీరు చాలలేదు.

తడి ఎక్కువై గాలి ఆడకపోతే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఊరి బయట చెత్తగుట్టల అడుగున జరిగేదీ ఇదే: గాలి తగలని తడి చెత్త నుండి మీథేన్ పుడుతుంది, నూరేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కనుక ఇంటిలో గత్తం చేయడం వల్ల కలిగే మేలు, ఆ చెత్తను వారానికి రెండుసార్లు అడుగు నుండి తిరగవేసి గాలి ఆడనిచ్చినప్పుడే నిజమవుతుంది. తిరగవేయని డ్రమ్ము మేడమీద పెట్టుకొన్న చెత్తగుట్టతో సమానం.

జూలైలో బూడిద రంగు లావుపాటి పురుగులు వచ్చాయి. చూసినవారు బెదరిపోతారు గాని, అవి నల్ల సైనిక ఈగ పిల్లపురుగులు. ఆ ఈగ కుట్టదు, ఇంటి ఈగలవలె మన ఆహారంపై ముసరదు. దాని పురుగులు తడి చెత్తను మనకంటె వేగంగా తగ్గిస్తాయి. వాటిని చంపనవసరం లేదు. చేపల వ్యర్థాలను మాత్రం ఈ నెలలలో నేను డ్రమ్ములో వేయలేదు. తక్కిన కాలంలో నడుమ లోతుగా పాతి ఆకు కప్పుతాను.

డ్రమ్ము నిండిపోయిన వారాలలో తడి చెత్తను వేరుగా పురపాలక సంఘం బండికి ఇచ్చాను. ఒడిశా పట్టణాలలో అలా చేరిన తడి చెత్తను చిన్న కంపోస్టు కేంద్రాలలో గత్తంగా మార్చి ‘మో ఖతా’ అనే పేరుతో అమ్ముతున్నారు. కాని ఒక్క పాల ప్యాకెట్టు కలిసినా అక్కడ పనిచేసే మహిళలు చేతులతో ఏరవలసి వస్తుంది; అందుచేత వేరుచేయడం మన వంటింటిలోనే జరగాలి. ‘కంపోస్టబుల్’ అని ముద్రించిన సంచులను నేను డ్రమ్ములో వేయను, ఎందుకంటే అవి చివకడానికి పెద్ద కేంద్రాలలో ఉండేటంత వేడి కావాలి, అది ఇంటి డ్రమ్ములో నిలవదు.

అక్టోబరు

తుపానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు మా జిల్లా ఎంత దెబ్బతిన్నదో చూసినవారెవరూ ఈ నెలలో మేడమీద ఖాళీ డ్రమ్ము వదలరు. రెండింటినీ పిట్టగోడ మూలకు జరిపి, నైలాన్ తాడుతో నీళ్ల ట్యాంకు దిమ్మెకు కట్టాను. మూతలపై ఇటుకలు పెట్టడం కంటె మూతకు రంధ్రం చేసి తాడు బిగించడం క్షేమం.

నవంబరు

కార్తీక మాసపు భోజనాలకు పాతపట్నం నుండి వచ్చిన చుట్టాలు అడ్డాకు విస్తర్లు తెచ్చారు. వెదురు పుల్లలతో కుట్టిన ఈ విస్తరి భోజనానంతరం మంచి ఎండు సరకే; ఎంగిలి దులిపి, చేతితో చించి, ఒక పూట ఎండబెట్టి వేస్తే కొన్ని నెలలకు పూర్తిగా చివుకుతుంది. పుల్లలు మిగిలితే జల్లెడలో దొరుకుతాయి. యంత్రంతో అదిమిన విస్తర్లు కొనేటప్పుడు వెనుకవైపు గోటితో గీరి చూడాలి. కొన్నింటికి పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, అవి ఎందుకూ కొరగావు.

డిసెంబరు, జనవరి

చలికి మాగడం మందగించింది, కనుక డ్రమ్మును ఎండ తగిలే తూర్పు వైపుకు మార్చాను. మొదటి డ్రమ్ములోని గత్తం ముదురు గోధుమ రంగుకు తిరిగి, వాన పడిన మట్టి వాసన వేస్తున్నది. అయినను తొందరపడక ఒక చిన్న మూకుడులో ఆ గత్తం, మట్టి సమంగా కలిపి మెంతులు చల్లాను. మెంతులు విడిగా మట్టిలో మొలిచినట్లే ఇందులోనూ మొలిస్తే గత్తం పండినట్లు. పచ్చి గత్తమైతే మొలకలు పసుపెక్కి వాలిపోతాయి. ఇవి చక్కగా లేచాయి.

ఇసుక జల్లెడలో జల్లించి, రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు గత్తం, అరపాలు ఇసుక కలిపి బచ్చలి, తోటకూర, వంగ కుండీలకు వాడాను. బచ్చలి బాగున్నది; వంగకు పూత మొదలైనప్పుడు మరొక పిడికెడు వేయవలసి ఉంటుంది. జల్లెడలో మిగిలిన పుల్లలు, పీచు, సగం చివికిన మామిడి ఆకులను పారవేయక, ఖాళీ అయిన డ్రమ్ము అడుగున తోడు వేసినట్లు పరచి, పైన తడి చెత్త వేయడం మొదలుపెట్టాను.