ఎడిసన్ నుంచి కార్లైల్ సంతకి: 1966 మస్టాంగ్ అమ్మకం

పెన్సిల్వేనియాలో కార్లైల్ అని చిన్న ఊరు. ఏటా సెప్టెంబరు నెలాఖరు ప్రాంతంలో అక్కడి ఫెయిర్‌గ్రౌండ్స్‌లో పాత బళ్ళ సంత జరుగుతుంది. 1974లో బిల్ మిల్లర్, చిప్ మిల్లర్ అనే ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టారు. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. దగ్గర్లోని హెర్షీలో అంతకు చాలా ముందునుంచే పెద్ద సంత ఉంది. కానీ ఆ రోజుల్లో అక్కడ బాగా పాతకాలపు బళ్ళదే రాజ్యం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బళ్ళకీ ఒక చోటు ఉండాలని కార్లైల్ పుట్టింది. అరవైల నాటి ఫోర్డ్‌ని దశాబ్దాలుగా దాచుకుని ఇప్పుడు అమ్మాలనుకునే న్యూజెర్సీవాళ్ళకి అంతకన్నా మంచి చోటు దగ్గరలో లేదు.

వేలానికి పెట్టొచ్చు కదా అంటారు. వేలంలో బండి వేదిక మీద ఉండేది రెండు మూడు నిమిషాలు. పెయింటు తళతళలాడే బండికి అది చాలు. మా 1966 ఫోర్డ్ మస్టాంగ్ లాగా ఫ్యాక్టరీ రంగుతో, ఫ్యాక్టరీ సీట్లతో, అక్కడక్కడ రాళ్ళ గాట్లతో ఉన్న బండిని అర్థం చేసుకోవాలంటే కొనేవాడు కింద పడుకుని చూడాలి. కార్లైల్‌లో కార్ కోరల్ అనే ఆవరణ ఉంటుంది. చోటుకి రుసుము కట్టి, బండి నిలబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే కావలసినవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు.

బండి పుట్టింది కూడా మేముండే న్యూజెర్సీ ఎడిసన్‌లోనే. ఫోర్డ్ వాళ్ళ మెటుచెన్ ప్లాంటు పేరుకి మెటుచెన్ గానీ ఉన్నది ఎడిసన్‌లో, రూట్ 1 మీద. 1948లో మొదలై 2004లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు షాపింగ్ సెంటర్. ఓక్ ట్రీ రోడ్డులో కరివేపాకు కొనుక్కునే మనవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు. బండి నంబరులోనే (విన్) ఇది ఉంటుంది: 6 అంటే 1966 మోడలు, టి అంటే మెటుచెన్, 07 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, సి అంటే రెండు బారెళ్ళ కార్బురేటర్‌తో 200 హార్స్‌పవర్ 289 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజిను. టి స్థానంలో ఎఫ్ ఉంటే డియర్‌బర్న్, ఆర్ ఉంటే శాన్ హోజే. డ్రైవరు తలుపు అంచున ఉన్న రేకు మీద మిగతా జాతకమంతా ఉంటుంది: 65ఎ అంటే హార్డ్‌టాప్ బాడీ, ఎమ్ అంటే వింబుల్డన్ వైట్ రంగు, గేర్‌బాక్సు దగ్గర 6 అంటే సి4 ఆటోమేటిక్. 14సి అన్న తేదీ మార్చి 14.

ఈ తరం మస్టాంగ్ అమ్మేవాళ్ళు ఒక విషయంలో నోరు జారుతుంటారు: "నంబర్స్ మ్యాచింగ్", అంటే ఇంజిను మీది నంబరు బండి నంబరుతో కలుస్తుందని. 1966లో బండి నంబరు ఇంజిను మీద కొట్టింది కె కోడ్ హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్లకి మాత్రమే. సి కోడ్ ఇంజిను మీద కలిపి చూడడానికి నంబరే లేదు. చూపించగలిగేది పోతపోసిన తేదీ ఒక్కటే. బ్లాకు మీద 6బి12 అని ఉంటే 1966 ఫిబ్రవరి 12. బండి తయారైన తేదీకి కొన్ని వారాల ముందుది అయితే సరిపోయినట్టు. మార్టీ రిపోర్టు అడిగేవాళ్ళూ ఉంటారు. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి తీసి ఇచ్చే ఆ కాగితం 1967 మోడలు నుంచే దొరుకుతుంది. ఈ రెండూ ముందుగానే విడమర్చి చెబితే ఎదుటివాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

బయల్దేరే ముందు చేసిన పనులకన్నా చేయని పనులే ముఖ్యం. రంగు వేయించలేదు. కాంపౌండుతో రుద్దించలేదు. పాత ఎనామెల్ అంచుల దగ్గర పలచగా ఉంటుంది, రుద్దితే ప్రైమరు బయటపడుతుంది. బానెట్ కింద నల్ల స్ప్రే కొట్టించలేదు. పైపుల మీద, స్టిక్కర్ల మీద పడ్డ స్ప్రే చుక్కలు చూస్తే ఏదో కప్పిపుచ్చారనే అనుకుంటారు. కింద అండర్‌కోటింగ్ అయితే అసలే వద్దు. కొత్త తారు పూత కనిపించగానే అనుభవజ్ఞుడు వెనక్కి తిరిగిపోతాడు.

చేసినవన్నీ నడకకి సంబంధించినవి. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చాం. డాట్ 3 ద్రవం ఏళ్ళ తరబడి తేమ పీల్చుకుని వీల్ సిలిండర్లని లోపలినుంచి తినేస్తుంది. 1966లో మాస్టర్ సిలిండర్ ఒకే గది, రెండు గదులది 1967లో వచ్చింది. అంటే ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రబ్బరు పెట్రోలు గొట్టాలు ఇథనాల్ తట్టుకునేవి వేశాం. టైర్ల పక్కన డాట్ కోడు చివరి నాలుగంకెలు చూశాం. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ట్రెడ్ గాడులు ఇంకా లోతుగా ఉన్నా పదేళ్ళు దాటిన టైర్లతో హైవే ఎక్కకూడదు. అప్పటి 6.95-14 సైజుకి ఇప్పుడు 195/75ఆర్14 సరిపోతుంది. ఇంజినాయిల్ వడపోతతో కలిపి 5 క్వార్టులు, జింక్ ఎక్కువున్న రకం. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి (వాల్వులని కదిపే ఇరుసు) జింక్ తక్కువైతే దానిమీది లోబులు, అంటే ఉబ్బులు, అరిగిపోతాయి. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాపు 0.017 అంగుళం, ప్లగ్గులది 0.034.

డిక్కీలో పెట్టుకున్న సామాను: ఒక జత పాయింట్లు, కండెన్సరు, రోటరు, ఫ్యాన్ బెల్టు, పై రేడియేటర్ గొట్టం, పెట్రోలు ఫిల్టరు, టైప్ ఎఫ్ గేర్ ఆయిల్ ఒక క్వార్టు, గ్యాలను నీళ్ళు, ఫీలర్ గేజి (గ్యాపు కొలిచే రేకులు), అరంగుళం స్పానరు, మంటలార్పే సీసా. సి4కి టైప్ ఎఫ్ తప్ప వేరేది పోయకూడదు.

ట్రైలర్ ఎక్కించకుండా నడుపుకుంటూనే వెళ్ళాం. మా బావ తన కారులో వెనక వచ్చాడు. ఇంటర్‌స్టేట్ 287 పట్టుకుని, 78 మీద పడమటికి, అది ముగిసేచోట 81 ఎక్కి దక్షిణంగా కార్లైల్. డెలావేర్ నది దాటేటప్పుడు టోలు పెన్సిల్వేనియా వైపు వెళ్ళేవాళ్ళకే. వెనక యాక్సిల్ నిష్పత్తి 2.80 కాబట్టి గంటకి 60 మైళ్ళ వేగంలో ఇంజిను సుమారు 2,300 చుట్లు తిరుగుతుంది. లారీలు దూసుకుపోతున్నా అంతకు మించి తొక్కాల్సిన పని లేదు. జగ్‌టౌన్ కొండ ఎక్కేటప్పుడు వేడి ముల్లు కాస్త పైకి లేచింది. హీటరు తెరిచి ఫ్యాను పెట్టగానే దిగింది. దిగుడులో సి4ని ఒక గేరు తగ్గించాలి. నాలుగు వైపులా డ్రమ్ బ్రేకులే, అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

అలెన్‌టౌన్ దాటాక పెట్రోలు పోయించి, టీ తాగి వచ్చేసరికి బండి వెంటనే అందుకోలేదు. ఆటోలైట్ 2100 కార్బురేటర్‌లో పెట్రోలు ఇంజిను వేడికి మరిగి లోపలికి పొంగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇది మరీ ఎక్కువ. పెడలు పంపు కొట్టినట్టు తొక్కితే ఇంకా ముంచేస్తుంది. నేలదాకా ఒకసారి తొక్కి, అలాగే పట్టుకుని స్టార్టరు తిప్పాలి. కార్బురేటర్ కింద ఫినాలిక్ స్పేసరు (వేడిని ఆపే దిమ్మ) వేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

కోరల్‌లో అద్దానికి ఒకే ఒక్క కాగితం అంటించాం: సంవత్సరం, ఇంజిను, గేరు, రంగు కోడు, అడుగుతున్న ధర 24,500 డాలర్లు, మార్చిన భాగాల జాబితా, ఉన్న లోపాల జాబితా. కుడి ముందు బ్యాటరీ ట్రే కింద తుప్పు మచ్చ, డ్రైవరు సీటు కుట్టు విడిపోయిన చోటు, పనిచేయని గడియారం, అన్నీ రాశాం. ఓడోమీటరులో అయిదు అంకెలే కాబట్టి లక్ష దాటిందా లేదా అన్నది పాత సర్వీసు రసీదులతోనే తేలాలి. ఆ రసీదులు తేదీల వరసలో ఫైలులో పెట్టాం. పాత బళ్ళ ఇన్సూరెన్సు కంపెనీ హ్యాగర్టీ ధరల పట్టికలో బళ్ళని ఒకటి (అన్నిటికన్నా మేలైనది) నుంచి నాలుగు దాకా స్థాయిలుగా విడగొడతారు. అమ్మేవాడికి తన బండి ఎప్పుడూ రెండులాగే కనిపిస్తుంది, అది నిజానికి మూడే అయి ఉంటుంది. మూడుకి పైన, రెండుకి కింద ధర పెట్టి కూర్చుంటే బేరం కదులుతుంది.

మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో టార్చి, చిన్న అయస్కాంతం, మడతపెట్టిన అట్టముక్క. మొదట చక్రాల బోల్టులు లెక్కపెట్టాడు. వి8కి అయిదు ఉంటాయి, ఆరు సిలిండర్లదానికి నాలుగే. తర్వాత బానెట్ ఎత్తించి, ఎడమ ఫెండరు నొక్కు దగ్గర ఏప్రన్ (ఇంజిను గది పక్క రేకు) మీద కొట్టిన నంబరుని టైటిల్‌తో (యాజమాన్య పత్రం) ఒక్కో అక్షరం పోల్చాడు. ఈ బళ్ళకి డాష్‌బోర్డు మీద నంబరుండదు. తలుపు రేకు ఊడదీసి ఇంకో బండికి బిగించవచ్చు, అందుకే నమ్మాల్సింది ఏప్రన్‌నే. పక్క అద్దాల మూల ఫోర్డ్ వాళ్ళ అద్దాల బ్రాండు కార్లైట్ ముద్ర, తేదీ కోడు చూశాడు. అట్ట పరుచుకుని కింద దూరి, నేల రేకునీ ఫ్రేమ్ రెయిళ్ళనీ స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ వెళ్ళాడు. గట్టి రేకు టంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌మంటుంది. డిక్కీ తెరిచి పెట్రోలు ట్యాంకు అంచు చుట్టూ తడిమాడు. ఈ మోడల్లో డిక్కీ నేల ట్యాంకు పైభాగమే.

ఆఖర్న నీళ్ళ సీసా అడిగాడు. ముందు అద్దం కింద కౌల్ జాలీలో నిదానంగా పోసి, ప్రయాణికుడి వైపు వంగి కార్పెట్ ఎత్తి చూశాడు. మస్టాంగ్‌కి ప్రాణాంతకమైన రోగం అదే. ఆకులు చేరి నీళ్ళు నిలిచి కౌల్ లోపలి గాలిదారుల అంచులు తుప్పు పడతాయి, అక్కణ్ణుంచి కారే నీళ్ళు నేల రేకుని తినేస్తాయి. బాగుచేయాలంటే వరసగా ఉన్న స్పాట్ వెల్డులన్నీ తొలిచి పై రేకు ఎత్తాలి. మా బండి కార్పెట్ పొడిగా ఉంది. నీళ్ళు చక్రాల వెనకనుంచి నేల మీదికి జారాయి.

"రంగెవరు వేశారు?" అన్నాడు.

"ఫోర్డే," అన్నాను.

జేబులోంచి పెయింటు మీటరు తీశాడు. అన్ని చోట్లా 4 నుంచి 6 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మధ్యే. ఎక్కడైనా 15, 20 చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టు.

నడిపి చూడడానికి ఇచ్చే ముందు లైసెన్సు ఫొటో తీసుకున్నాం, ఇన్సూరెన్సువాళ్ళు కొత్త డ్రైవరుకి ఒప్పుకుంటారన్నది ఇంటి దగ్గరే కనుక్కున్నాం. మొదటి చుట్టు నేను నడిపాను, రెండోది ఆయన. ఆయన 20,000 దగ్గర మొదలుపెట్టాడు. ఆ ధర ఎందుకన్నాడో అడిగితే టైర్లు, సీటు అని చెప్పాడు. టైర్ల తేదీ చూపించాం, సీటు మాట ఒప్పుకున్నాం. 23,000 దగ్గర చేతులు కలిశాయి. విడి భాగాల అట్టపెట్టె కూడా అందులోనే. ఊడదీసిన పాత ఒరిజినల్ భాగాలని ఎప్పుడూ బండితోనే పంపాలి. విడిగా అమ్మితే వచ్చేది చిల్లర, బండికి తగ్గేది ఎక్కువ.

శనివారం కావడంతో బ్యాంకులు లేవు. కౌంటరు దగ్గర సరిచూడకుండా క్యాషియర్స్ చెక్కు (బ్యాంకు తానే రాసిచ్చే చెక్కు) తీసుకోవడం ప్రమాదం. దొంగ చెక్కు నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తుంది, బండి తిరిగిరాదు. వెయ్యి డాలర్లు బయానా తీసుకుని, రెండు కాగితాల మీద ధర, నంబరు, "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట, మిగతా డబ్బు గడువు రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. బండి మాతోనే ఎడిసన్ తిరిగొచ్చింది. బ్యాంకులు తెరిచాక మిగతా డబ్బు వైరు బదిలీలో వచ్చింది. ఖాతాలో పడిందని బ్యాంకువాళ్ళని ఫోనులో అడిగి తెలుసుకున్నాకే టైటిల్ వెనక సంతకం. నగదుగా ఇస్తానన్నా ఇబ్బంది లేదు గానీ, 10,000 డాలర్లు దాటితే బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపుతుంది. దాన్ని తప్పించుకోవడానికి ముక్కలుగా జమ చేయడం నేరం.

న్యూజెర్సీ టైటిల్‌కి నోటరీ అక్కర్లేదు. కొనేవాడి పేరు, చిరునామా, తేదీ, ధర, సంతకం చాలు. పెన్సిల్వేనియా టైటిల్ అయితే అమ్మేవాడి సంతకానికి నోటరీ ఉండాలి. సంతలో మా పక్క చోటు ఆయన దానికోసమే తిరిగాడు. ఓడోమీటరు అంకె రాసివ్వాల్సిన ఫెడరల్ ప్రకటన నుంచి 2010, అంతకుముందు మోడళ్ళకి మినహాయింపు ఉంది. టైటిల్ మీద దిద్దుబాట్లు చేయకూడదు. ఒక్క కొట్టివేత ఉన్నా కౌంటరులో వెనక్కి ఇస్తారు.

కొన్న ముసలాయన ట్రైలర్‌తో వచ్చాడు. ఇంజిను ముందుండేలా ఎక్కించాం, ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే కప్లింగు మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. బండి మూడు వేల పౌండ్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ముందు పట్టీలు దిగువ కంట్రోల్ ఆర్ములకి, వెనకవి యాక్సిల్ గొట్టానికి. అయితే ఆ గొట్టం వెంబడే సన్నటి బ్రేకు పైపు పోతుంది. పట్టీ దానిమీద పడి బిగిస్తే నలిగిపోతుంది. ఆయన మొదట అలాగే వేశాడు. విప్పించి, పైపు లేనిచోట వేయించాం. బంపరుకి, టై రాడ్డుకి పట్టీ తగిలించకూడదు. పదిమైళ్ళు వెళ్ళాక ఆగి మళ్ళీ బిగించమన్నాం, సస్పెన్షన్ కుదురుకుని పట్టీలు వదులవుతాయి.

నంబరు ప్లేట్లు ఊడదీసి మోటార్ వెహికల్ కమిషన్ కౌంటరులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఇన్సూరెన్సు రద్దు చేసింది ఆ తర్వాతే. న్యూజెర్సీలో ఆ వరస తప్పకూడదు.