తెడ్డు ఒకటే, పనులు రెండు: వంశధారలో కయాక్ సాధన, నాలుగు వారాల లెక్క

1వ వారం, గట్టు మీదే. రోయింగ్‌లో వాడేదీ తెడ్డే, కయాక్‌లో వాడేదీ తెడ్డే, తికమకంతా అక్కడే. రోయింగ్ తెడ్డు పడవ అంచున ఓర్‌లాక్‌లో ఆని ఉంటుంది. వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు, పడవ వాళ్ళ వీపు వైపుకి పోతుంది. మనిషికి రెండు తెడ్లయితే స్కల్లింగ్, ఒక్కటైతే స్వీప్. కయాక్ తెడ్డుకి ఏ ఆనికా లేదు, ముఖం ముందుకే, రెండు కొసలా రెక్కలు. కనూ తెడ్డుకి ఒక కొసే రెక్క. పడవ ముందు కొసని బో, వెనక కొసని స్టెర్న్ అని బట్టీ పట్టక్కర్లేదు, మనకు అణియం, అమరం ఉండనే ఉన్నాయి.

కొలత: 75 సెంటీమీటర్ల వెడల్పున్న, పైన కూర్చునే సిట్-ఆన్-టాప్ కయాక్‌కి 230 సెంటీమీటర్ల తెడ్డు సరిపోతుంది. తెడ్డు నెత్తి మీద పెట్టుకుంటే మోచేతులు లంబకోణంలో ఉండాలి. పట్టు అదే.

2వ వారం, ముందుకు వెళ్ళడం. ఎక్కువ రోజులు దీనికే పోయాయి, పోవాలి కూడా. రెక్క కాలివేళ్ళ పక్కన పూర్తిగా మునగాలి (ఇది క్యాచ్), తుంటి దగ్గరకి రాగానే బయటకి రావాలి (ఎగ్జిట్). లాగేది నడుం తిప్పి. అదే వైపు కాలితో ఫుట్‌రెస్ట్‌ని తన్నాలి. ముంజేతులు ముందే నొప్పెడితే చేతులతోనే లాగుతున్నట్టు. అణియం పాములా మెలికలు తిరిగితే ఎగ్జిట్ ఆలస్యమవుతోంది: తుంటి దాటిన రెక్క పడవను తోయదు, తిప్పుతుంది, నీళ్ళు పైకెత్తుతుంది.

3వ వారం, తిరగడం. కయాక్‌లో స్వీప్ అంటే వేరు: కాలివేళ్ళ నుంచి అమరం దాకా రెక్కతో అర్ధచంద్రం గీయడం. కుడివైపు గీస్తే అణియం ఎడమకి. ఒకే మాటకి రెండు ఆటల్లో రెండు అర్థాలు, ఎవరు పెట్టారో గానీ! ఆగాలంటే రెండు వైపులా మార్చి మార్చి మూడు నాలుగు పొట్టి వెనుక స్ట్రోకులు. ఒక వైపే వేస్తే పడవ అడ్డం తిరుగుతుంది.

4వ వారం, కళింగపట్నం వైపు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరకి వెళ్ళలేదు. పాటు (సముద్రం వెనక్కి తీసే) సమయంలో నీరు సముద్రంలోకి లాగుతుంది, ఏటి ప్రవాహం దానికి తోడవుతుంది. అందుకే ముందు ఎదురీత, తిరుగు ప్రయాణం నీటితో. పైరగాలి లేచేలోపు గట్టుకి చేరాలి. పక్కగాలికి అణియం గాలి వైపుకే తిరుగుతుంది.

బోల్తా సాధన నడుం లోతు నీళ్ళలో, లైఫ్ జాకెట్ బకిళ్ళు బిగించి. పడవను వదలకూడదు. దాన్ని మళ్ళీ సరిగా తిరగేసి, మధ్యలో పట్టుకుని, కాళ్ళు నీటి పైకి తెచ్చి తన్నుతూ పొట్ట మీద అడ్డంగా ఎక్కాలి. తర్వాత వెల్లకిలా తిరిగి కూర్చుని, చివర్లో కాళ్ళు లోపలికి. మోకాలు ముందు పెడితే మళ్ళీ బోల్తాయే. లోతు నీళ్ళలో ఇది ఇంకా కుదరలేదు, వచ్చే వారం అదే.