‘నార్మల్’ అని రాసిన కాగితం ఎవరి దగ్గర ఉండాలి?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కర్మాగారాల్లో ఏటా జరిగే వైద్య పరీక్షల నివేదికలను చూడటం నా వృత్తిలో భాగం. జూట్ మిల్లు కావచ్చు, ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసు కావచ్చు, పైడిభీమవరం వైపు మందుల కంపెనీ కావచ్చు, నివేదిక ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది: పేరు, వయసు, బీపీ, షుగరు, ఎక్స్‌రే, చెవి పరీక్ష, ఊపిరి పరీక్ష, చివరి గడిలో ‘నార్మల్’, దాని కింద ‘ఫిట్’. ఆ గడి నింపిన డాక్టరు అబద్ధం రాశాడని నేను అనను. అయితే ఆ కార్మికుడి నిరుటి నివేదికనూ, పనిలో చేరిన రోజు నివేదికనూ పక్కన పెట్టుకోకుండా రాసిన ‘నార్మల్’ వల్ల, వృత్తి వ్యాధుల విషయంలో అతనికి ఒరిగేది చాలా తక్కువ.

చెవి పరీక్షనే తీసుకోండి. మన ఫ్యాక్టరీ నియమాలు 8 గంటల పనికి 90 డెసిబెళ్ల శబ్దాన్ని పరిమితిగా పెట్టాయి. అమెరికాలో వృత్తి ఆరోగ్యంపై పరిశోధన చేసే నియాష్ సంస్థ సిఫార్సు 85. శబ్దం వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి శబ్దాల దగ్గర మొదలవుతుంది; మామూలు మాటలు వినిపించే స్థాయికి అది చేరేసరికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా కార్మికుడికి గానీ ఇంట్లోవాళ్లకు గానీ తేడా తెలియదు. పట్టుకోవాల్సింది ఆ మధ్య కాలంలోనే. 2,000, 3,000, 4,000 హెర్ట్జ్‌ల దగ్గర వినికిడి సగటున 10 డెసిబెళ్లు పడిపోతే జాగ్రత్త పడాలన్నది వాడుకలో ఉన్న కొలమానం. కానీ పడిపోయిందని చెప్పడానికి మొదట ఎక్కడ ఉండేదో తెలియాలి కదా. చేరినప్పుడు 5 డెసిబెళ్ల దగ్గర వినగలిగిన కుర్రాడు కొన్నేళ్లకు 20కి వచ్చినా, మామూలు వినికిడికి హద్దుగా లెక్కించే 25 లోపే ఉన్నాడు కాబట్టి గడిలో నార్మలే పడుతుంది. దీనికి తోడు పరీక్షకు ముందు కనీసం 14 గంటలు పెద్ద శబ్దానికి దూరంగా ఉండాలన్న నియమాన్ని పాటించే శిబిరాలు అరుదు. నైట్ షిఫ్ట్ దిగిన మనిషిని నేరుగా తీసుకొచ్చి, కంప్రెషర్ గది పక్కన ఆపిన వ్యానులో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించడం నేను చూశాను. ఆ అంకెలు దేనికీ పనికిరావు. పైగా వచ్చే ఏడాది పోలికను కూడా అవి పాడు చేస్తాయి.

ఊపిరి పరీక్షలో ఇదే సమస్య ఇంకా మోసకరంగా ఉంటుంది. వయసుకూ, ఎత్తుకూ తగ్గట్టు అంచనా వేసిన విలువలో 80 శాతం దాటితే చాలామంది నార్మల్ అని రాసేస్తారు. మంచి దేహపుష్టితో 110 శాతంతో పనిలో చేరిన మనిషి 85 శాతానికి దిగాడంటే ఊపిరిలో పెద్ద భాగమే పోయిందని అర్థం, అయినా నివేదిక మాత్రం అతన్ని ఆరోగ్యవంతుడిగానే చూపిస్తుంది. ఆరోగ్యవంతుడికి వయసుతో పాటు ఏడాదికి సుమారు 30 మిల్లీలీటర్ల సామర్థ్యం తగ్గడం సహజం. దాన్ని లెక్క కట్టి, మిగిలిన తగ్గుదల 15 శాతం దాటిందా అని చూడటమే ఏటా చేసే పరీక్షకు ఉన్న అసలు ప్రయోజనం.

మరి ఆ మొదటి అంకెలు ఎక్కడ ఉంటాయి? శాశ్వత ఉద్యోగి అయితే ఫ్యాక్టరీ ఫైల్లో దొరకవచ్చు. కానీ ధూళి, వేడి, శబ్దం ఎక్కువగా ఉండే చోట ఇప్పుడు పనిచేసేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే. కాంట్రాక్టరు మారితే గేట్‌పాస్ మారుతుంది, గేట్‌పాస్‌తో పాటు ఫైలూ కొత్తదవుతుంది. శిబిరం నిర్వహించే ఏజెన్సీ మారితే పాత అంకెలు ఎవరి కంప్యూటర్లో ఉన్నాయో అడిగేవాడూ ఉండడు. భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41-సి సెక్షన్ ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉండేది: ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులను యాజమాన్యం సక్రమంగా నిర్వహించాలి, అవి కార్మికులకు అందుబాటులో ఉండాలి, ఆ పని మానేసిన తరువాత కూడా 12 నెలలకు మించని వ్యవధిలో పరీక్షలు జరగాలి. పని మానేసి ఇంటికి వెళ్లిన మనిషిని ఏడాది తిరిగేసరికి పిలిచి పరీక్షించిన ఫ్యాక్టరీని నేను ఈ ప్రాంతంలో చూడలేదు.

పని మానేశాక పరీక్ష ఎందుకన్నది టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసినవారిని చూస్తే తెలుస్తుంది. రాతి ధూళిలోని సిలికా వల్ల వచ్చే సిలికోసిస్ సాధారణంగా పదేళ్లకు పైగా ఆ ధూళి పీల్చాక బయటపడుతుంది, క్వారీ వదిలేసినా ముదురుతూనే ఉంటుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం కూడా ఎక్కువే. అందువల్ల దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవారికి క్షయ మందులు మొదలవుతాయి, అవి ముగిసినా ఆయాసం తగ్గదు, ఏం పని చేసేవాడివని మాత్రం ఎవరూ అడగరు. ఎక్స్‌రేను అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక ఫిల్ములతో పోల్చి, 12 మెట్ల కొలతలో గ్రేడు ఇవ్వడం నేర్చిన డాక్టర్లు మన దగ్గర కొద్దిమందే. గ్రేడు ఇచ్చినా పరిహారం అడగాలంటే ఫలానా క్వారీలో ఇన్నేళ్లు పనిచేశానన్న రుజువు కావాలి. హాజరు రాసే మస్టరు పుస్తకం మేస్త్రీ చేతిలో ఉంటుంది, మేస్త్రీ ఎప్పుడో ఊరు మారి ఉంటాడు.

గరివిడి, చీపురుపల్లి ప్రాంతం మాంగనీసు గనులకూ, ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమకూ పేరుపడింది. ఫర్నేసు దగ్గర లేచే మాంగనీసు పొగ ఏళ్ల తరబడి పీల్చితే మెదడు దెబ్బతిని, పార్కిన్సన్ వ్యాధిని పోలిన లక్షణాలు రావచ్చు: ముఖంలో కదలిక తగ్గుతుంది, మాట మందగిస్తుంది, వెనక్కి నడవమంటే తూలుతారు, పార్కిన్సన్‌కు పనిచేసే లెవోడోపా దీనికి అంతగా పనిచేయదు. రక్తంలోని మాంగనీసు ఇటీవలి మోతాదును కొంతవరకు చెబుతుందే తప్ప పాతికేళ్ల చరిత్రను చెప్పదు. కాబట్టి ఇక్కడ యంత్రం కంటే డాక్టరే ముఖ్యం. కార్మికుడితో నాలుగు వాక్యాలు మాట్లాడించాలి, కాగితం మీద ఒక పంక్తి రాయించి నిరుడు రాసిన పంక్తితో అక్షరాల పరిమాణం పోల్చాలి, ముందుకూ వెనక్కూ నడిపించాలి. ఐదు నిమిషాల పని. ఒకే పూటలో వందల మందిని ముగించాలని ఒప్పందం చేసుకున్న శిబిరంలో ఆ ఐదు నిమిషాలు ఉండవు.

రికార్డు కార్మికుడికి ఇవ్వాలన్నప్పుడు, దాన్ని ఇంకెవరికి ఇవ్వకూడదన్నదీ చెప్పాలి. అంతర్జాతీయ వృత్తి ఆరోగ్య కమిషన్ (ఐకో) 1992లో తొలిసారి ప్రకటించిన నీతి నియమావళి ప్రకారం యాజమాన్యానికి తెలియాల్సింది మనిషి ఆ పనికి తగునా, పరిమితులేమైనా ఉన్నాయా అన్నంతే. జబ్బు పేరు కాదు. మన దగ్గర మాత్రం వందల మంది వివరాలున్న ఎక్సెల్ షీటు నేరుగా హెచ్‌ఆర్ విభాగానికి వెళుతుంది. ఉద్దానం మనుషుల విషయంలో ఇది మరీ క్రూరంగా పరిణమిస్తుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన యువకుడి రక్తంలో కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తే, కంపెనీ అతన్ని వద్దనుకోవడానికి అదే చాలు. ఆ ప్రాంతపు కిడ్నీ వ్యాధికి కారణం ఇదేనని ఇన్నేళ్ల పరిశోధన తరువాతా తేలలేదు. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకు వచ్చిన ఇలాంటి జబ్బులో ఎండలో చాకిరీకీ, ఒంట్లో నీరు తగ్గడానికీ పాత్ర ఉందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అందువల్ల అటువంటి యువకుడిని ఫర్నేసు ముందు నిలబెట్టవద్దని నేను రాస్తాను, నొప్పి మాత్రలు వాడవద్దని అతనికి చెబుతాను, కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపుతాను. కానీ ప్యాకింగ్‌లోనో స్టోర్‌లోనో అతను నిక్షేపంగా పనిచేయగలడు. హెచ్‌ఆర్‌కు వెళ్లే కాగితంలో ‘అధిక వేడి ఉన్న చోట పని ఇవ్వరాదు’ అన్న ఒక్క వాక్యం చాలు. “రాయకండి బాబూ, రాస్తే గేటు కాడే ఆపేస్తారు” అని కుర్రాళ్లు బతిమాలుతున్నారంటే, జబ్బు పేరు యాజమాన్యం దాకా వెళుతుందని వాళ్లకు ముందే తెలుసన్నమాట.

వృత్తి వ్యాధి నిర్ధారణ అయితే ప్రభుత్వానికి తెలియజేయడం డాక్టరు బాధ్యత. ఫ్యాక్టరీల చట్టంలోని 89వ సెక్షన్ ఆ బాధ్యతను కంపెనీ డాక్టరు మీదే కాదు, ఆ రోగికి చికిత్స చేసే ఏ డాక్టరు మీదైనా పెట్టింది. తెలియజేయకపోతే ఆ చట్టం కింద జరిమానా 1,000 రూపాయల వరకు ఉండేది. ఆ జరిమానాకు భయపడే డాక్టరు ఉండేవాడు కాదు, ఆ సెక్షన్ ఉందని తెలిసిన ప్రైవేటు డాక్టర్లు కూడా తక్కువే.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ తెలియజేయాల్సిన జబ్బుల పట్టిక ఉంది. 40 ఏళ్లు దాటినవారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష, ప్రతి కార్మికుడికీ నియామక పత్రం అని కేంద్రం ప్రకటించింది. నియామక పత్రాన్ని నేను ప్రత్యేకంగా ఆహ్వానిస్తాను, క్వారీ కార్మికుడికి లేనిది అదే కనుక. కానీ అదే కోడ్ ఫ్యాక్టరీ అన్న నిర్వచనాన్ని కరెంటుతో నడిచే చోట 10 మంది నుంచి 20కి, కరెంటు లేని చోట 20 నుంచి 40కి పెంచింది. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలో ఉన్నటువంటి చిన్న యూనిట్లు ఇక ఫ్యాక్టరీ లెక్కలోకే రాకపోవచ్చు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి చర్మం ఊడిపోవడానికి పెంకులోని నూనె కారణం. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని కాలుస్తాయి. ఆ వేళ్లను ఏ శిబిరమూ చూడదు.

నేను పరీక్ష చేసే చోట ఇప్పుడు ప్రతి కార్మికుడికీ తెలుగులో ఒక కాగితం ఇస్తున్నాను. చేరిన తేదీ, విభాగం, యంత్రం, ఆ చోటి శబ్దం, ధూళి, చెవి పరీక్షలో ప్రతి హెర్ట్జ్ దగ్గరా వచ్చిన డెసిబెళ్లు, ఊపిరి పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలి) లీటర్లలో, ఎక్స్‌రే గ్రేడు, క్రియాటినిన్. ఇంటికి వెళ్లగానే దాన్ని ఫోనులో ఫొటో తీయించి పిల్లల వాట్సాప్‌కు కూడా పంపుకోమంటాను, ఎందుకంటే కాగితం వానకు తడుస్తుంది. ఈ కాగితం రేపు పరిహారం కేసులో సాక్ష్యమవుతుందని ఒక మేనేజరు అభ్యంతరం చెప్పారు. అవుతుందనే నేను ఒప్పుకున్నాను. పనిలో చేరేనాటికే జబ్బు ఉన్న మనిషి విషయంలో అదే కాగితం కంపెనీకీ సాక్ష్యమవుతుందని చెప్పాక ఆయన సంతకం పెట్టారు. ఎక్స్‌రే చిత్రం మాత్రం ఇంకా చేతికి అందడం లేదు. ఏజెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడే ప్రతి ఒక్కరి చిత్రాన్నీ డిజిటల్ ప్రతిగా ఇవ్వాలన్న షరతు చేర్పిస్తే అదనపు ఖర్చు దాదాపు ఉండదు, శిబిరం ముగిశాక అడిగితే పాతవి చెరిపేశామన్న జవాబే వస్తుంది.