బయానా ఇచ్చేవాడికి మన పిన్నుతో ఏం పని?

చెర్వుగట్టు, కురుమూర్తి జాతరలు, పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడితే నల్లగొండ, పాలమూరు దిక్కు డప్పు, ఒగ్గు, కోలాటం బృందాలకు ఫోన్లు మొదలవుతాయి. యూట్యూబ్ వీడియో కింద నంబరు, ఫ్లెక్సీ మీద నంబరు. అదే నంబరు దొంగకూ దొరుకుతుంది.

వాడిని పట్టిచ్చేది బేరం. నిజంగా ప్రోగ్రాం పెట్టుకునే ఊరి కమిటీ అయితే ఇరవై వేలంటే పన్నెండు అంటుంది. ఎంతమంది వస్తారు, బండి కిరాయి ఎవరిది, మైకు మీదా మాదా, బువ్వ ఎందరికి అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. దొంగకు ఇవేవీ పట్టవు. అడిగినంతకు ఒప్పుకుంటాడు. "సగం బయానా ఇప్పుడే కొడతా, ఫోన్ పెట్టెయ్యకన్నా" అంటాడు. కొందరు మిలిటరీ ఆఫీసర్లమంటారు, క్యాంపులో ఫంక్షన్ అంటారు, ఐడీ కార్డు ఫొటో కూడా పంపుతారు. ఫొటోకేముంది, ఎవరిదైనా దొరుకుతుంది.

తర్వాత వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ వస్తుంది. దాని కింద 'రిసీవ్ 10,000' అని ఉంటుంది. బొమ్మ మీద అక్షరాలు ఎవరైనా రాసుకోవచ్చు. స్కాన్ చేస్తే తెరుచుకునేది మాత్రం మనం పైసలు పంపే పేజీ: పైన వాడి పేరు, నడుమ 10,000, కింద 'పే' బటన్. పిన్ను కొట్టామంటే మన ఖాతా నుంచే పోతాయి. నమ్మకం కుదరడానికి ముందు ఐదు రూపాయలు పంపించుకొని పది తిప్పి పంపేవాళ్ళూ ఉన్నారు. ఆ పది వాడి పెట్టుబడి. పైసలు మన ఖాతాలో పడటానికి యూపీఐ పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. యూపీఐ ఐడీ చెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నా పడతాయి.

ఇంకో ఎత్తు: "5,000 బదులు 50,000 కొట్టిన, మిగతావి తిప్పి పంపన్నా" అని ఏడుపు గొంతు. మెసేజ్ కూడా వస్తుంది, కానీ పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి. బ్యాంకు మెసేజ్ అట్లా రాదు. మెసేజ్‌ను పక్కనబెట్టి, ఫోన్ కట్ చేసి, యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. ఎక్కువ పైసలు నిజంగానే పడి ఉంటే అవి ఇంకొకరి దగ్గర కొట్టేసినవి కావచ్చు. మీరే తిప్పి పంపితే రేపు మీ ఖాతా కూడా ఫ్రీజ్ అయ్యే ప్రమాదం ఉంది. బ్యాంకుకు పోయి రాసివ్వండి, వాళ్ళే చూసుకుంటారు.

సినిమా ఆడిషన్ అని రిజిస్ట్రేషన్ ఫీజు, ఫొటోషూట్, కాస్ట్యూమ్ డిపాజిట్ అడిగితే అది వేషం కాదు, మోసం. యూనియన్ కార్డుకు ఫీజు నిజంగానే ఉంటుంది, కానీ అది సంఘం ఆఫీసులో రసీదు తీసుకొని కట్టేది, వేషాలిప్పిస్తాననే కోఆర్డినేటర్ నంబరుకు కొట్టేది కాదు. ప్రభుత్వ కళాకారుల సంస్థ సాంస్కృతిక సారథిలో ఉద్యోగం పెట్టిస్తానని ఎవరన్నా వస్తే కలెక్టరేట్‌లోని పౌరసంబంధాల అధికారి ఆఫీసులో ఒక్కసారి అడగండి. పెళ్ళి కార్డు పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) మాత్రం అసలు తెరవొద్దు.

పైసలు పోయినయా? వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పన్నెండంకెల యూటీఆర్ నంబరు (పైసలు పోయిన లావాదేవీ నంబరు), టైము, మొత్తం, వాడి నంబరు చేతిలో ఉంచుకోండి. చాట్ డిలీట్ చేయొద్దు. పిన్ను కొట్టింది మనమే కాబట్టి బ్యాంకు తన తప్పు ఒప్పుకోవడం కష్టం. దొంగ ఆ పైసలు డ్రా చేయకముందే అక్కడ ఆపించడమే దారి. అందుకే గంట కూడా ఎక్కువే.

బృందం నాయకుడు బయానాల కోసం వేరే ఖాతా తెరిచి, ఫ్లెక్సీ మీది నంబరును దానికే కలిపి, పడ్డవి పడ్డట్టు అసలు ఖాతాకు మార్చుకుంటే పోయినా ఐదొందలో వెయ్యో పోతాయి.