బొమ్మల పుస్తకం అచ్చుకి వెళ్లేదాకా: నా అనుభవం

పిల్లల పుస్తకానికి కథా నాదే, బొమ్మలూ నావే అంటే పని సులువవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు కష్టం అక్కడే ఉంది. కథ రాసిన నాకు ప్రతి వాక్యమూ ముద్దే. బొమ్మలు వేసే నాకు వాటిలో సగం అడ్డం. ఈ తగవు తీరేది డమ్మీ, అంటే పుస్తకానికి ముందుగా చేసుకునే ముతక నమూనా, దగ్గరే.

బొమ్మల పుస్తకం ఎక్కువగా 32 పేజీలు ఉంటుంది. పెద్ద కాగితం మీద అచ్చేసి మడిస్తే పేజీలు ఎనిమిదో పదహారో చొప్పున వస్తాయి కాబట్టి ఆ లెక్క. పుస్తకం పేరుకి, ప్రచురణ వివరాలకి పోగా కథకి మిగిలేవి పన్నెండు నుంచి పద్నాలుగు జంట పేజీలు.

ఈసారి నా కథ ఒక ఉడుతది. గింజ దాచుకుని చోటు మర్చిపోతుంది. వెతికి వెతికి అక్కడికి చేరేసరికి గింజ మొలకెత్తి ఉంటుంది. రాయడం అయ్యాక రంగుల జోలికి పోలేదు. తెల్ల కాగితాలు మడిచి, పిన్ను కొట్టి, చిన్న డమ్మీ చేసుకున్నాను. వాక్యాలు కత్తిరించి అతికించి, పెన్సిల్‌తో ముతక బొమ్మలు గీసి, పైకి చదువుతూ పేజీలు తిప్పాను.

తిప్పితేనే తెలుస్తుంది. ఉడుత తవ్వడం, మొలక కనిపించడం ఎదురెదురు పేజీల్లో పడ్డాయి. అలా ఉంటే వినే పిల్లల చూపు ముందే మొలక మీదకి పోతుంది, ఇక తవ్వుతుంటే చూడాలన్న ఆత్రం ఏముంటుంది? తవ్వడం కుడి పేజీలో ఉండాలి, పేజీ తిప్పాకే మొలక కనబడాలి. అందుకోసం మొదట్లోని రెండు సన్నివేశాలు కలిపేశాను. ‘ఉడుతకి చాలా దిగులేసింది’ కూడా తీసేశాను, వాలిపోయిన తోక ఆ మాట చెప్తుంది. ‘వానలకి ముందు ఇక్కడే పెట్టాను కదా’ అన్నది మాత్రం ఉంచాను. గడిచిపోయిన కాలాన్ని బొమ్మలో చూపించడం కుదరదు. ఏ వాక్యం ఉండాలో తేల్చడానికి నాకున్న కొలత ఇదొక్కటే. రోజుల తరబడి దీనిమీదే కూర్చున్నా ఆ సమయం వృథా అనుకోను.

డమ్మీ చూసిన ఎడిటర్, బొమ్మలన్నీ ఒకే దూరం నుంచి చూసినట్టున్నాయన్నారు. నిజమే. వెతికే చోట ఒక జంట పేజీని చెట్టు కొమ్మ మీద నుంచి చూసినట్టు మార్చాను. ఉడుత ఎంత చిన్నదో, నేల ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

అసలు బొమ్మలు వేయడానికి నెలలు పట్టింది. ముందు ఉడుతని ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, రకరకాల భావాలతో గీసి గోడకి అంటించుకున్నాను. మొదటి పేజీలోని ఉడుతే చివరి పేజీలోనూ ఉండాలి, తేడా వస్తే పిల్లలు వెంటనే పట్టేస్తారు. పేజీ అంచుదాకా వెళ్లే బొమ్మని కత్తిరింపు కోసం 3 మిల్లీమీటర్లు బయటికి పెంచాలి. రెండు పేజీలు కలిసే మడతలో ముఖం పడకూడదు. అక్షరాలు బొమ్మలో కలపకుండా విడి లేయర్‌లో, ఒక్క నలుపులోనే పెట్టాను. అలా ఉంటే ఇంకో భాషలో వేసేటప్పుడు నలుపు రంగుని అచ్చేసే ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు.

ప్రూఫ్, అంటే సరిచూసుకోవడానికి ముందుగా తీసే అచ్చు కాపీ, వచ్చే రోజు నాకు ఎప్పుడూ టెన్షనే. స్క్రీన్ మీద వెలిగే పచ్చరంగు నాలుగు రంగుల అచ్చులో మందగిస్తుంది. కథంతా నిలబడింది ఆ మొలక మీద కాబట్టి దాని పచ్చదనం తగ్గితే ఒప్పుకోలేను. పచ్చని ఇంకా పెంచే వీలు లేదు. అందుకే చుట్టూ ఉన్న మట్టిని ముదురు చేసి, మళ్లీ ప్రూఫ్ తీయించాను. ఈసారి మొలక నిలిచింది.

డబ్బు సంగతీ చెప్పాలి. రెండు పనులూ మనవే అయితే రాయల్టీ పంచుకోనక్కర్లేదు, కానీ రెండు పనుల సమయమూ మనదే పోతుంది. అడ్వాన్సు ఒకేసారి రాదు: సంతకాలప్పుడు కొంత, బొమ్మలు అప్పగించాక కొంత, పుస్తకం వచ్చాక మిగతాది. అందుకే ఒక పుస్తకం ఎడిటర్ దగ్గర ఉన్నప్పుడే ఇంకోదానికి డమ్మీ మొదలుపెడతాను.